అవ్వ జరిపిన రాళ్లు

మా ఊరు రామారెడ్డి నుంచి కామారెడ్డిలో నేను పనిచేసే కుట్టు దుకాణానికి రోజూ సైకిల్ మీదే వెళ్తాను. ఈ పొద్దున చూస్తే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. వెనక లారీ హారన్ కొట్టింది. తప్పుకోబోయి, రాయికి తగిలి వడ్లలో పడ్డాను. కాపలా ఉన్న అవ్వ మీద కోపమొచ్చింది.

"రోడ్డు మీద ఈ రాళ్లేంది అవ్వా? లారీ కిందనే పడుతుంటి!"

"అవి లారీల కోసం పెట్టిన బిడ్డా, నీకోసం గాదు. నువ్వు వడ్ల మీదికెల్లే పో. వడ్లయితే మళ్ల ఊడ్సుకుంట. నీకేమన్నయితే మీ అమ్మకేం జెప్పాలె?"

సాయంత్రం తిరిగొస్తుంటే ఆ రాళ్లన్నీ మూరెడు లోపలికి జరిగి ఉన్నాయి. ఇన్నేళ్లలో నా సైకిల్‌కు రోడ్డు మీద చోటిచ్చింది ఆ అవ్వ ఒక్కతే. మీకెవరైనా ఇచ్చారా?