గోడ మీద ఎర్ర తువ్వాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ చిత్రికాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. మీసాలు రాకముందు వడ్రంగంలో పట్టిన చిత్రిక, జుట్టు నెరిసేదాకా దించలేదు. చెక్కలు నున్నబడ్డాయి గానీ కుడి భుజం అరిగిపోయింది. తల దువ్వుకోవాలన్నా ఎడమ చెయ్యే గతి. "ఇంక చెక్క ముట్టుకోకండి" అన్నాడు డాక్టరు. ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! చెక్క ముట్టుకోకపోతే ఆ మనిషి ఇంకేం ముట్టుకుంటాడు? అందుకని అటూ ఇటూ డబ్బు కూడదీసి, కరెంటుతో నడిచే చిత్రిక మిషన్ ఒకటి తెచ్చుకున్నాడు. ఇటునుంచి చెక్క తోస్తే అటునుంచి నున్నగా వస్తుంది. మొదటి రోజు బయటికొచ్చిన చెక్క మీద చెంప ఆనించి మురిసిపోయాడని వాళ్ళక్క ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉంటుంది.

అక్క అంటే తోడబుట్టిందే, ఉండేది పక్కింట్లో. అమ్మ పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, దానికి ఇటు తమ్ముడి రేకుల షెడ్డు, అటు అక్కాబావల డాబా. బావ ఒకప్పుడు లారీ డ్రైవరు. పని మానేశాక చేతిలో స్టీరింగు లేక ఏం చెయ్యాలో తోచక, డాబా మీద సోలార్ పలకలు వేయించాడు. మెట్ల కింద గోడకి ఇన్వర్టర్ పెట్టె బిగించారు. పలకల్లో పుట్టిన కరెంటు ఇంట్లో వాడుకోగా మిగిలితే ఆ పెట్టె దాన్ని వీధి లైన్లోకి తోస్తుంది, చాలకపోతే లైన్లోంచే ఇంటికి కరెంటు వస్తుంది. పచ్చ దీపం వెలిగితే పనిచేస్తున్నట్టు, ఎర్ర దీపం వెలిగితే అలిగి పడుకున్నట్టు. బావ ఆ పెట్టె ముందు కుర్చీ వేసుకుని, మనవడి బారసాల చూస్తున్నంత సంబరంగా కూర్చునేవాడు.

ఎండలు ముదిరేసరికి పెట్టెకి జబ్బు పట్టుకుంది. సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఎర్రబడేది. కాసేపటికి తనే లేచేది, మళ్ళీ పడేది. అంత ఎండా వృథాగా పోతుంటే బావ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

దోషి కోసం ఆయన ఊరంతా తిరగలేదు. తమ్ముడు మిషన్ వేసినప్పుడల్లా అక్క వంటింట్లో బల్బు ఒక్కసారి కళ్ళార్పుతుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

"ఒరేయ్, నేను లారీ నడిపినవాణ్ణి," అన్నాడు బావ గోడ మీంచి. "ఎత్తెక్కేటప్పుడు బరువెక్కువైతే ఇంజను చచ్చి ఊరుకుంటుంది. నీ మిషన్ లాగుడుకి నా పెట్టె చస్తోంది."

"అయితే ఏం చెయ్యమంటావు బావా?"

"ఎర్ర దీపం వెలగ్గానే గోడ మీద తువ్వాలేస్తా. అది కనపడితే మిషన్ ఆపెయ్."

లారీలో మెడకి చుట్టుకునే ఆ ఎర్ర తువ్వాలు అప్పట్నుంచి గోడెక్కింది. అక్కడితో ఆగితే ఆయన బావ ఎందుకవుతాడు? బరువు దించాలంటూ మధ్యాహ్నం కాగానే సొంతింట్లో ఫ్రిజ్జు ఆపాడు, వాషింగ్ మిషన్ ముట్టుకోనివ్వలేదు, చివరికి ఫ్యాను కూడా కట్టేశాడు. అక్క పేపరుతో విసురుకుంటూ, "ఈ ఎత్తు ఎప్పుడు దిగుతుందయ్యా మహానుభావా!" అనేది. "ఇంకాస్త ఓర్చుకోవే, ఎక్కేస్తాం" అనేవాడు ఈయన, బనియను పిండుకుంటూ.

ఎంత బరువు దించినా పెట్టె లేవలేదు సరికదా, ఇంకా ఎక్కువ పడుకోసాగింది. తువ్వాలు రోజురోజుకీ ముందే గోడెక్కేది. ఇవ్వాల్సిన తలుపులు మూలన పడి ఉన్నాయి. చిత్రికాయన మధ్యాహ్నాలు పాత చేతి చిత్రికే తీశాడు. భుజం వాచింది. ఆ బాధ మీద ఒకరోజు తువ్వాలు చూసి కూడా మిషన్ ఆపలేదు. బావ గోడెక్కినంత పనిచేసి, "నీ పొట్ట కోసం నా పెట్టెని చంపుతావురా?" అని అరిచాడు. ఆ మర్నాటి నుంచి అక్క గోడ దగ్గరికి రావడం మానేసింది. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాడు నొచ్చుకుంటాడని ఆవిడ భయం.

మాటలు పడటం చిత్రికాయనకి కొత్త కాదు. అక్క గొంతు వినపడకపోవడమే ఆయన తట్టుకోలేకపోయాడు. మిషన్ పోతే భుజం పోతుంది, మిషన్ ఉంటే అక్క పోతుంది. షెడ్డు మార్చడానికి ఇంకో చోటూ లేదు. చివరికి మిషన్ అమ్మేస్తానని కుర్చీలు చేసే ఆయనెవరికో కబురు పెట్టాడు. ఆయన వస్తానన్న రోజు పొద్దున్నుంచీ స్విచ్చి ముట్టుకోకుండా, పొట్టు దులిపి, నూనె వేసి, గుడ్డతో తుడిచి ఉంచాడు. తుడుస్తుంటే ఏడుపొచ్చింది. పొట్టు కళ్ళలో పడిందని తనకి తనే చెప్పుకున్నాడు.

అదే మధ్యాహ్నం బావ కూడా సోలార్ బిగించిన అమ్మాయిని పిలిపించాడు. మీటరు పట్టుకుని మెట్ల కింద నిలబడింది ఆ పిల్ల.

"ఇవాళ చూడమ్మా! మావాడు మిషన్ ముట్టుకోలేదు, మా ఇంట్లోనూ అన్నీ కట్టేశాను. పెట్టె పువ్వులా ఉంటుంది," అన్నాడు బావ.

ఆ మాట పూర్తవకుండానే పెట్టె ఎర్రబడింది. బావ పెట్టె దగ్గరికెళ్ళి అరచేత్తో తట్టి చూశాడు.

ఇటు షెడ్డులో కుర్చీలాయన చేతులు కట్టుకుని, "నడిపి చూపించవయ్యా, బొమ్మ చూసి కొనుక్కుంటానా?" అన్నాడు. చిత్రికాయన స్విచ్చి వేశాడు. చెక్క తర్వాత చెక్క తోశాడు. అటు మెట్ల కింద పెట్టె ఎప్పటిలాగే కాసేపు ఆలోచించుకుని పచ్చబడింది. పచ్చగానే ఉండిపోయింది. ఆ అమ్మాయి మీటరు వంక చూసి, గోడ వంక చూసి, పరుగున గోడ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒకసారి ఆపండి!"

ఆపాడు. కాసేపటికి పెట్టె ఎర్రబడింది.

"ఇప్పుడు వెయ్యండి!"

వేశాడు. కాసేపటికి పచ్చబడింది. మళ్ళీ ఆపించింది, మళ్ళీ వేయించింది.

"అమ్మా, నన్ను పిలిచింది కొనుక్కోవడానికా, ఈ ఆట చూడటానికా?" అన్నాడు కుర్చీలాయన.

అమ్మాయి బావ వైపు తిరిగింది. "బాబాయ్, మీ ఇళ్ళు లైనుకి చివర్న ఉన్నాయి. మధ్యాహ్నం వీధిలో పలకలున్న డాబాలన్నిటి మీంచీ కరెంటు లైన్లోకి తోసుకొస్తూనే ఉంటుంది, వాడేవాళ్ళేమో తక్కువ. దాంతో వోల్టేజీ పెరిగిపోతుంది. హద్దు దాటగానే పెట్టె తనే తప్పుకుంటుంది. అన్న మిషన్ వేస్తే మీ కరెంటు ఇక్కడికిక్కడే ఖర్చయిపోయి వోల్టేజీ దిగుతోంది."

"మరి బల్బు కళ్ళార్పుతుందే?"

"మోటారు లేచేటప్పుడు ఒక్క క్షణం గట్టిగా లాగుతుంది, అంతే. దానికి పెట్టె పడదు. మీరు ఎత్తెక్కుతున్నాం అనుకున్నారు బాబాయ్. మీ బండి పల్లంలో పోతోంది. అన్న మిషనే దానికి బ్రేకు."

లారీ భాషలో చెప్పేసరికి బావకి ఎక్కింది. బ్రేకు పీకి అమ్మించబోయాను కదా అని తల పట్టుకున్నాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ కాస్త దించమని లైను ఆఫీసులో చెప్తాను. అప్పటిదాకా బరువు పనులన్నీ మధ్యాహ్నమే పెట్టుకోండి," అంది అమ్మాయి.

గుమ్మంలోంచి వింటున్న అక్క ఇంకొక్క మాట కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి ఫ్యాను వేసింది, ఫ్రిజ్జు వేసింది, వాషింగ్ మిషన్‌లో దొరికిన బట్టలన్నీ కుక్కి తిప్పింది. "ఎండాకాలమంతా నన్ను ఉడకబెట్టావు కదయ్యా!" అని అరుస్తూ ఫ్యాను కింద కూలబడి నవ్వింది. గోడకి ఇటువైపు ఆ నవ్వు విన్న చిత్రికాయనకి గుండెల మీంచి బండ దించినట్టయింది. కుర్చీలాయనకి క్షమాపణ చెప్పి, టీ తాగించి పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అలవాటుగా గోడ వైపు చూశాడు. ఎర్ర తువ్వాలు! చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. మళ్ళీ మొదటికొచ్చిందా?

తువ్వాలు పక్కన బావ తలకాయ లేచింది. "ఎంతసేపు తింటావురా? పెట్టె పడిపోయింది, మిషన్ వెయ్యి నాయనా!"

"వాణ్ణి తిననివ్వయ్యా," అంటూ అక్క వచ్చి గోడ మీద మోచేతులు ఆనించింది. "భుజం ఎలా ఉందిరా?"

"బాగానే ఉందక్కా," అన్నాడు. చెయ్యి కడుక్కుని స్విచ్చి వేశాడు. ఒక చెక్క తోశాడు. అది నున్నగా అటు రాగానే తీసి చెంపకి ఆనించుకున్నాడు, ఈసారి అక్క చూస్తుండగానే.