రికార్డుల్లోంచి తీసేసిన పేరు

పార్లమెంటులో జరిగిన చర్చల గురించి పెద్దవాళ్ళు రాసిన వ్యాసాలు చాలా చదివాను. ఎవరు ఎంత గొప్పగా మాట్లాడారో, ఎవరి మాటకు బల్లలు చరిచారో రాస్తారు. ఆ మాటలు జమ్మలమడుగు కోర్టు ఎదురుగా ఉన్న ఒక టీ అంగట్లో ఎలా వినపడ్డాయో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ అంగడి నాది. కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. బజ్జీలు చుట్టడానికి తెచ్చిన పాత పేపర్లలో అక్షరాలు వెతుక్కుని, సినిమా పోస్టర్లతోనూ బస్సు బోర్డులతోనూ సరిపోల్చుకుని చదవడం పట్టుకున్నాను. అప్పటికే నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ముప్పై దాటిన మనిషికి చదువు వస్తే, దాన్ని దాచుకోలేడు. ఏ రోజు పేపరు ఆ రోజు బస్సులో రాగానే పొయ్యి పక్కన నిలబడి గట్టిగా చదివేవాణ్ణి. వినేవాళ్ళకు కొదవ లేదు. కోర్టుకు వచ్చినవాళ్ళు తమ పేరు పిలిచేదాకా ఎక్కడ కూర్చుంటారు? నా అంగట్లోనే.

అవి పార్టీల కాలం. పార్టీ అంటే జెండా కాదు, ఊర్లో ఒక పెద్దమనిషి. ఆయన మనుషులు ఒక జీపులో దిగి వేపచెట్టు పక్కన ఉన్న బెంచీ మీద కూర్చునేవాళ్ళు. అవతలి పెద్దమనిషి మనుషులు ఇంకో జీపులో వచ్చి గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాళ్ళు. నడుమ నేను, నా పొయ్యి, నా పేపరు. రెండు బెంచీల వాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు గాని, ఢిల్లీ మాటలు మాత్రం కలిసే వినేవాళ్ళు.

ఒకసారి బడ్జెట్ మీద చర్చ చదువుతున్నాను. లోటు బడ్జెట్ అని ప్రతిపక్షం వాళ్ళు గొడవ చేశారట.

"లోటంటే ఏందప్పా?" అని ఒకడు అడిగాడు.

"వచ్చేదానికంటే పొయ్యేది ఎక్కువ."

"దానికి అంతమంది కూడి అరవల్లనా? మా ఇంట్లో నా పెండ్లాం ఒగతే అరుస్తాది, దినామూ."

నేను నవ్వాపుకుని చివరి వాక్యం చదివాను: సభ గురువారానికి వాయిదా పడింది.

అవతలి బెంచీ నుంచి ఒక ముసలాయన తల ఎత్తాడు. "వాళ్ళకూ వాయిదానేనా? వాళ్ళ మీద ఏం కేసప్పా?"

మా వైపు వాయిదా అంటే కోర్టుకు పోవలసిన రోజు. వేరే అర్థం లేదు. రెండు బెంచీలూ ఒక్కసారిగా నవ్వాయి. రెండు పార్టీల వాళ్ళు ఒకే మాటకు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ నవ్వులో కలవని మనిషి ఒకడున్నాడు. గొర్రెలు మేపుకునే ఆయన. నాకంటే పదేళ్ళు పెద్ద, మామా అని పిలిచేవాణ్ణి. వేపచెట్టు బెంచీ చివర, భుజాన గొంగడితో కూర్చునేవాడు. ఒక బాంబుల కేసులో తొమ్మిదో ముద్దాయి.

ఎట్లా ముద్దాయి అయ్యాడంటే, ఆయన గొర్రెల వల్ల. మా వైపు రైతులు ఎరువు కోసం తమ చేలో మంద ఆపించుకుంటారు. నాలుగు రాత్రులు గొర్రెలు పడుకుంటే చేను బలపడుతుంది. ఆ ఏడు ఈయన మంద ఒక పెద్దమనిషి చేలో ఆగింది. అంతే, ఆ పార్టీ మనిషి అయిపోయాడు. తరవాత ఊర్లో బాంబులు పడి అవతలివాళ్ళలో ఒకరి చెయ్యి పోయినప్పుడు, ఫిర్యాదులో అక్కడ ఉన్నవాళ్ళ పేర్లూ లేనివాళ్ళ పేర్లూ కలిపి రాయించారు. అది అప్పటి ఆచారం. చేతులు లెక్కపెట్టి రాయించరు, ఇళ్ళు లెక్కపెట్టి రాయిస్తారు.

"జుట్టు ముడేసుకుని కట్టె తీసుకుని వచ్చినానని రాసినారప్పా," అనేవాడు మామ. "ఆ పొద్దు శ్రావణ శనివారం. నేను గండిలో ఆంజనేయస్వామికి తలనీలాలిచ్చి గుండుతో ఉండా. ముడి యాణ్ణించి వస్తాది? నా గుండే నాకు సాచ్చి."

గుండు చూపించి న్యాయం అడగవచ్చని ఆయన నమ్మాడు. మొదటి వాయిదాకు తలపాగా తీసేసి వచ్చాడు. జడ్జి సెలవు. రెండోదానికి పోలీసులు కాగితాలు తేలేదు. మూడోదానికి లాయర్లు పని ఆపేశారు. వాయిదాలు పడేకొద్దీ జుట్టు పెరిగింది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ముడి వేసుకునేంత అయింది.

"సాచ్చి పెరిగి పెద్దదయిపాయ," అని నెత్తి తడుముకున్నాడు ఒకనాడు. ఆయనకు కావలసింది ఒక్కటే: ఆ తొమ్మిదో నంబరు దగ్గర తన పేరు కొట్టేయడం.

అప్పుడే పార్లమెంటులో పత్రికల మీద చర్చ వచ్చింది. సభలో ఎవరు ఏం మాట్లాడినా వాళ్ళ మీద కోర్టులో కేసు ఉండదట. ఆ మాటలను ఉన్నదున్నట్టు వేసిన పత్రిక మీదా ఉండకూడదని కొందరు సభ్యులు వాదించారు. నేను చదవడం ముగించగానే మామ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే ఆడ చెప్పిందానికి ఎవురూ ఏమీ చేయలేరా?"

"చేయలేరు మామా."

"పేపర్లో ఏసినా?"

"ఏసినా."

"అట్లయితే నా మాట ఆడ చెప్పించు. నువ్వు సదువుకున్నోడివి కదా, ఒక కాగితం రాయి."

సదువుకున్నోడివి! నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. నాలుగు రోజులు కూర్చుని రాశాను. మంద సంగతి, గండి సంగతి, గుండు సంగతి. కింద మామ వేలిముద్ర. ఢిల్లీలో గట్టిగా అరుస్తాడని పేరున్న ఒక ప్రతిపక్ష సభ్యుడికి పంపాను. ఎదురుగానే ఇంతమంది లాయర్లు టీ తాగుతుంటే, ఒక్కరికీ చూపించలేదు. టీ అంగడివాడు పార్లమెంటుకు ఉత్తరం రాశాడని నవ్వుతారని.

జవాబు రాలేదు. ఒక వాన రావలసిన కాలం పోయింది, రెండోదీ పోయింది. కరువు మీద పార్లమెంటులో చర్చ పెట్టారు. ఆ మరునాడు పేపర్లో లోపలి పేజీలో నాలుగైదు వాక్యాలు వచ్చాయి. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. రాయలసీమ కరువు గురించి మాట్లాడుతూ ఆ సభ్యుడు పల్లెల్లో అమాయకుల మీద పెడుతున్న కేసులను ప్రస్తావించారు. అధికారపక్షం అభ్యంతరం చెప్పింది. గందరగోళం రేగింది. కొన్ని వ్యాఖ్యలనూ పేర్లనూ రికార్డుల నుంచి తొలగిస్తున్నట్లు సభాపతి ప్రకటించారు. సభ వాయిదా పడింది.

మామ లేచి నిలబడ్డాడు.

"ఇంగోసారి సదువు."

చదివాను.

"పేర్లు తీసేసినారా?"

"అవును."

"రికార్డుల్లోంచి?"

"అట్లనే రాసినారు."

"తీసేసిందెవురు? జడ్జినా?"

"సభాపతి. జడ్జి కంటే పెద్ద."

మామ గొంగడి కింద పెట్టి పొయ్యికి దండం పెట్టాడు. ఎటు పెట్టాలో తెలియక కాబోలు, ఎదురుగా ఉన్నది పొయ్యి. "తీసేసినారప్పా," అన్నాడు. "నీ చేతి చలవ."

మాకు తెలిసిన రికార్డు ఒకటే, పోలీసు స్టేషనులో ఉండేది. పేరు ఎక్కేది అందులోనే, తీసేయవలసింది అందులో నుంచే. రికార్డుల నుంచి తొలగించడమంటే, ఢిల్లీలో మాట్లాడిన మాట మాట్లాడనట్టే చేయడమని నాకు తెలియదు. తెలియదని మాత్రం నాకు తెలుసు. లోపల ఎక్కడో గీరుతూనే ఉంది. రోడ్డు దాటి ఏ లాయరు గుమస్తాను అడిగినా ఒక్క నిమిషంలో చెప్పేవాడు. నేను దాటలేదు. నీ చేతి చలవ అన్న మాటను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

తరవాతి వాయిదాకు పెద్దమనిషి జీపు ఊర్లోకి వెళ్ళింది. మామ ఎక్కలేదట. నా పేరు ఢిల్లీలో కొట్టేసినారు, మీరు పోండి అన్నాడట. జీపులో వాళ్ళు దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. అవతలి పార్టీతో కలిశాడు, అందుకే రావడం లేదని పెద్దమనిషికి చెప్పారు. ముద్దాయిలందరికీ తానే పెట్టిన లాయరుకు ఆయన ఒక్క మాట చెప్పాడు: తొమ్మిదో నంబరు మనవాడు కాదు.

ఆ రోజు నేను పాలు కాస్తున్నాను. కోర్టు బంట్రోతు వరండాలోకి వచ్చి పేర్లు పిలుస్తున్నాడు. ఎనిమిది పేర్లకూ జవాబులు వచ్చాయి. తొమ్మిదో పేరు పిలిచాడు. నా చేతిలో గరిటె ఆగింది. రెండోసారి పిలిచాడు. మూడోసారి ఇంకా గట్టిగా, రోడ్డు దాటి వినపడేలా పిలిచాడు. లాయరు లేచి, ఒంట్లో బాగాలేదు, ఇంకో వాయిదా ఇప్పించండి అని ఒక కాగితం పెడితే సరిపోయేది. ఆయన లేవలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

వారంటు వచ్చింది. మేత కోసం పులివెందుల వైపు మందను తోలుకుపోతుంటే, గండి దగ్గర పాపాఘ్ని ఏటి ఇసుకలో పట్టుకున్నారు. మళ్ళీ బెయిలు ఇవ్వలేదు. అడిగేవాళ్ళు ఉంటే కదా! ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. అది కరువు ఏడు. మేత ఉన్నచోటికి తోలుకుపోయే మనిషి లేక మంద సగం రోగంతో పోయింది. మిగిలిన సగాన్ని ఆయన భార్య కటికవాళ్ళకు తోలేసింది.

ఆమె ఒకనాడు అంగడికి వచ్చింది. టీ ఇస్తే తీసుకోలేదు.

"నువ్వేనా నాయనా, మా ఆయన పేరు తీసేసినారని సదివింది?"

"నేనేనమ్మా."

"ఏదీ, యాడ తీసేసినారో నాకూ సూపించు."

ఆ పేపరు ముక్క దాచిపెట్టే ఉంచాను. చూపించలేదు. ఆమె తల మీద కొంగు సరిచేసుకుని జైలు వైపు నడిచింది.

కేసు ఎట్లా పోయిందంటే, ఎన్నికలు వచ్చాయి. ఇద్దరు పెద్దమనుషులూ ఒకే జెండా కిందికి చేరి, ప్రొద్దుటూరులో ఒకే వేదిక మీద దండలు మార్చుకున్నారు. చెయ్యి పోయినవాడే కోర్టులో నిలబడి, చీకట్లో ఎవరినీ గుర్తుపట్టలేదన్నాడు. పట్టపగలు పడిన బాంబు! అందరినీ వదిలేశారు. రెండు బెంచీల వాళ్ళకూ ఆ రోజు ఒకే చెంబులోంచి టీ పోశాను. ఢిల్లీలో ధరల మీద గంటలు గంటలు మాట్లాడారు, కరువు మీద మాట్లాడారు, పత్రికల స్వేచ్ఛ మీద మాట్లాడారు. ఒక మనిషి ఆ పూట గుండుతో ఉన్నాడు అనే చిన్న మాటకు మాత్రం చోటు లేకపోయింది.

మామ జైలు నుంచి నేరుగా నా అంగడికే వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. టీ తాగి ఒక్కటే అడిగాడు.

"ఆ పొద్దు ఆయప్ప ఆడ చెప్పింది నా మాటేనా?"

"కనుక్కుంటా మామా," అన్నాను.

కనుక్కోవడానికి దాదాపు నా బతుకంతా పట్టింది. సభ్యుడికి మళ్ళీ రాశాను, జవాబు లేదు. అంగడికి వచ్చే విలేకరిని అడిగితే, "తీసేసిన మాట ఏస్తే మా మెడకే సుట్టుకుంటాది పెద్దాయనా, ఢిల్లీ నుంచి వచ్చిందే అంత," అన్నాడు. కోర్టు ముందు రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంగడి పోయింది. ప్రొద్దుటూరులో కాపురం పెట్టాను. అక్కడ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒకాయన నా సంగతి విని, పార్లమెంటు చర్చల అచ్చు పుస్తకాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే చూడవచ్చని చెప్పి, కూర్చుని వెతికి, ఆ రోజు పేజీ జిరాక్సు తీసి ఇచ్చాడు. అంతా ఇంగ్లీషు. నాకు రాదు. ఆయన వేలు పెట్టి చూపించాడు. సభ్యుడి మాట సగంలో ఆగింది. ఆ తరవాత మూడు నక్షత్రాలు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, సభాపతి ఆజ్ఞ మేరకు తొలగించబడింది అని ఉంది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని పులివెందుల బస్సెక్కాను. జైలు తరవాత మామ సొంత ఊరికి పోలేదు, పులివెందుల దగ్గర చెల్లెలి ఊర్లో ఉండిపోయాడు. భార్య పోయింది. ఎనభై దాటాయి. దారిలో కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడేదాకా ఒకటే ఆలోచన. అవును మామా, నీ మాటే అని చెప్పేస్తే ఏం పోతుంది? ఎవరు వచ్చి కాదంటారు?

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల బోడి. ఈసారి మొక్కు కాదు, వయసు. కాగితం చేతికిచ్చి ఆయన బొటనవేలిని నక్షత్రాల మీద పెట్టాను.

"ఇంతేనా?"

"ఇంతే మామా."

"దీంట్లో నేనుండానా?"

బస్సులో అనుకున్న మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

"నాకు తెల్దు మామా."

ఆయన కాగితం మీంచి తల ఎత్తాడు. "ఆ పొద్దూ తెల్దా?"

"ఆ పొద్దూ తెల్దు."

పళ్ళు లేని నోటితో నవ్వాడు. "ఇన్నేండ్లకు వచ్చిందప్పా నీకు సదువు."

నేను లేచి కాగితం కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులోకి తోశాడు.

"ఉండనీ," అన్నాడు. "ఉంటే ఉండొచ్చు కదా."