ఏడు పాయింట్ నాలుగు వోల్టులు

పోయిన వారం నంద్యాలలో నా బ్యాటరీ షాపుకు ఒకాయన ఆట తుపాకీ తెచ్చి ట్రిగ్గర్ నొక్కాడు. ప్లాస్టిక్ గుళ్లు టపటపమని అట్టపెట్టెలోకి దూకాయి. ఆ వెనకే వేడెక్కిన మోటారు వాసన ముక్కుకు తగిలింది. "అక్కా, ఇంకా పెద్ద బ్యాటరీ ఏస్తే ఇంకా జోరుగా కొడతాది గదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పి, నేను ఒకప్పుడు ఉద్యోగం పోగొట్టుకోబోయాను.

అప్పుడు నేను యేసురత్నం అన్న షాపులో పనిచేస్తున్నాను. ఇన్వర్టర్లకూ, పొలంలో మందు కొట్టే స్ప్రేయర్లకూ బ్యాటరీలు వేసేవాళ్లం. అన్నకు కోపం వచ్చినా మాటలు తగ్గేవి, సంతోషం వచ్చినా తగ్గేవి. వచ్చింది కోపమో సంతోషమో కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. మూడు నెలలు చూసి, పనికొస్తేనే ఉంచుకుంటానన్నాడు. నా చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది, నోటిలో దానికి రెట్టింపు ధైర్యం ఉంది.

ఆళ్లగడ్డ నుంచి మద్దిలేటి అనే ఆయన వచ్చింది ఆ మూడో నెలలోనే. తన స్థలంలో, జనం టికెట్ కొని ప్లాస్టిక్ గుళ్లతో కాల్చుకునే తుపాకీలాట పెడుతున్నాడు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన పది ఆట తుపాకులు కొని, కొత్త బ్యాటరీలు వేయమని తెచ్చాడు. ఆదివారమే ప్రారంభం. అన్న సంజామలకు పనిమీద పోయాడు. "పడపడమని కొట్టల్లమ్మా, చూసినోళ్లు అదిరిపోవల్ల," అన్నాడు మద్దిలేటి. ఒక తుపాకీలోని పాత బ్యాటరీని తీసి, చూడకుండానే చెత్తబుట్టలో వేశాను. స్ప్రేయర్‌కే పన్నెండు వోల్టులు వేస్తాం కదా, తుపాకీకి పదకొండు పాయింట్ ఒకటి అంటే తక్కువే అనుకున్నాను. కొత్త బ్యాటరీ వేసి నొక్కితే తుపాకీ నిజంగానే అదరగొట్టింది. మద్దిలేటి ఆ ఒక్కదాన్నీ సంబరంగా తీసుకుపోయాడు. మిగతా తొమ్మిదీ శనివారానికి సిద్ధం చేస్తానని మాటిచ్చాను.

శనివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. తుపాకీ గిర్రుమంటోందట, గుండు మాత్రం రావడం లేదట. అప్పటికి ఊరి నుంచి తిరిగొచ్చిన అన్న, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"పాత బ్యాటరీ యాడుండాది?"

చెత్తబుట్ట చూపించాను. ఆయనే చేయిపెట్టి వెతికి తీశాడు. దాని మీద ఏడు పాయింట్ నాలుగు అని చక్కగా రాసి ఉంది.

"వోల్టులు పెరిగితే మోటారు బేగా తిరుగుతాది. దాంతో పాటు లోపల గేర్లు గూడా తిరగల్ల. వాటిని అడిగినావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం తుపాకులన్నీ పెట్టెలో సర్ది, "పా, బస్సుకు పోదాం," అన్నాడు.

దారి పొడుగునా అబద్ధాలు తయారుచేసుకున్నాను. తుపాకీ పాతదనీ, గేర్లు ముందే అరిగిపోయాయనీ చెప్పొచ్చు. ఆళ్లగడ్డలో దిగేసరికి నాలుగు మంచి అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి.

"ఎవరు జేసినారన్నా ఈ పని?" అన్నాడు మద్దిలేటి. అన్న చెంబెత్తి మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాడు. ఆ చెంబు ఎంతకీ ఖాళీ కాలేదు.

"నేనే. పాత బ్యాటరీ చూడకుండా వేసినాను," అన్నాను.

"అయితే ఆ యమ్మ చెయ్యి పెట్టొద్దన్నా. నువ్వే చూడు."

"ఆ యమ్మే చూస్తాది. వద్దంటే చెప్పు, పెట్టెత్తుకొని పోతాం."

నేను తలెత్తలేకపోయాను. నా కోసం ఎవరైనా అలా మాట్లాడటం నాకదే మొదటిసారి. మద్దిలేటి గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. తుపాకీ విప్పితే గేరు పళ్లు రాలిపోయి ఉన్నాయి. పదింట్లో ఒకటి ముందే చచ్చి ఉంది కాబట్టి దాని గేర్లు తీసి దీనికి వేశాను. ప్రతి తుపాకీకీ ఏడు పాయింట్ నాలుగు బ్యాటరీ పెట్టి, పదిసార్లు పేల్చి, మోటారు ఉన్నచోట చేయి ఆనించి చూశాను. వేడి ఓర్చుకునేంతే ఉంది. సాయంత్రానికి తొమ్మిదీ తయారయ్యాయి. అప్పుడు అన్న జేబులోంచి మార్కర్ తీసి ఇచ్చాడు.

"బ్యాటరీల మీద నీ పేరు రాయి."

"ఎందుకన్నా?"

"తిట్టాల్సినోడు నిన్ను ఎతుక్కోవద్దా?"

తొమ్మిది బ్యాటరీల మీదా సుగుణ అని రాశాను. తొమ్మిదోది రాసేటప్పటికి భయం పోయి చేతిరాత కూడా బాగుపడింది. ఆదివారం మద్దిలేటి నుంచి ఫోన్ రాలేదు. ఆ రోజంతా ఎదురుచూసిన నాకు అంతకంటే మంచి కబురు లేదు. మూడు నెలల గడువు మాట అన్న మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆయన షాపు మానేసి మిడుతూరు దగ్గర శనగ పండిస్తున్నాడు. పోయిన నెల స్ప్రేయర్ తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. కొత్త బ్యాటరీ బిగించి ఇచ్చాను. నేను వేసే ప్రతి బ్యాటరీ మీదా పేరు రాస్తాను గానీ, ఆయన వస్తువు మీద నా పేరేమిటి, బాగుండదని ఊరుకున్నాను. ఆయన స్ప్రేయర్ ఎత్తుకోలేదు.

"పేరేదమ్మీ?"

మూత విప్పి బ్యాటరీ మీద రాశాను. అక్షరాలు ఆరేదాకా ఆగి, స్ప్రేయర్ భుజానికి తగిలించుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అది కోపం కాదని ఈసారి వెంటనే తెలిసింది.