ఊఁ కొట్టే గొంతు

మా అమ్మ ముప్పయ్యేళ్ళపాటు హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పోయిన ఆరు నెలలకే నాకో సంగతి తెలిసొచ్చింది. అమ్మ ముఖం గుర్తుంది, చేతులు గుర్తున్నాయి, గొంతు మాత్రం గుర్తులేదు. తలుచుకుంటే ఎవరో ఒక హీరోయిన్ పలుకుతుంది. ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. టీవీ పెట్టుకో, మధ్యాహ్నం సినిమాలో మీ అమ్మగారే కదా మాట్లాడేది అంటారు. నిజమే, కానీ ఆ మాటలు నాతో అన్నవి కావు.

ఒకసారి అలాంటి మధ్యాహ్నం సినిమాలోనే పెళ్ళికూతురు అప్పగింతల సీను చూసి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. తర్వాత అమ్మతోపాటు పనిచేసినావిడకు ఫోన్ చేసి చెబితే, "ఆ సినిమా మీ అమ్మ చెప్పలేదమ్మా, నేను చెప్పాను" అంది. కన్నకూతుర్ని, పైగా సినిమాలకు మాటలు రాసి బతికేదాన్ని, ఎవరి గొంతుకో ఏడ్చాను. సిగ్గుతో పాటు పంతం కూడా వచ్చింది. అమ్మ సొంత గొంతు దొరికేదాకా వదలకూడదనుకున్నాను.

మాది ఫిల్మ్‌నగర్‌లో పాత అపార్ట్‌మెంట్. కింద ఫ్లాట్‌లో ఉండే కాస్ట్యూమ్ డిజైనర్ హిమాలయాల్లో ఒక బౌద్ధ లామా దగ్గర తారాదేవి దీక్ష తీసుకుంది. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని, శూన్యంలో ముందు ఒక తామరపువ్వును, దానిపైన చంద్రబింబాన్ని, ఆపైన ఆకుపచ్చని తల్లిని కాలిగోళ్ళతో సహా నిలబెట్టుకుంటుంది. కాసేపటికి ఆ తల్లి తనే అవుతుందట. చివరికి అంతా వెలుగుగా కరిగించేసి, లేచి కాఫీ పెట్టుకుంటుంది.

"మీరూ ప్రయత్నించండి, తప్పేముంది?" అంది నాతో. "కాకపోతే చివర్లో కరిగించేయాలండీ. అది మర్చిపోతే పట్టుకుని వేలాడటమే అవుతుంది."

నేను తామరపువ్వు బదులు డబ్బింగ్ థియేటర్‌లోని ఎత్తు స్టూలు పెట్టాను. గంజి చీర గరగర మైకులో పడుతుందని అమ్మ కట్టుకునే మెత్తటి పాత వాయిల్ చీర, లోపలికి వెళ్ళేముందు గాజులు తీసి మూటగట్టే చేతిరుమాలు, బోసి చేతులు, అన్నీ ఒక్కొక్కటిగా పేర్చాను. వారం తిరిగేసరికి అమ్మ నిలువునా వచ్చి కూర్చుంది. నోరు తెరిచింది. హీరోయిన్ మాట్లాడింది. అయినా కరిగించడానికి మనసొప్పలేదు. ఆవిడను అలాగే కూర్చోబెట్టి లేచి వచ్చేశాను.

మా వంటమనిషి రహమత్‌నగర్ నుంచి వస్తుంది. అమ్మ ఉన్నప్పటి నుంచీ వంటింట్లో ఆవిడదే రాజ్యం. ఆవిడ శివసత్తు. బోనాలప్పుడు డప్పు మోగితే ఆవిడకు ఎల్లమ్మ పూనుతుంది. దేవత నీ ఒంట్లో ఉన్నంతసేపూ నువ్వెక్కడ ఉంటావని ఒకరోజు అడిగాను.

"నేనీడ ఉండనక్కా" అంది కూర తరుగుతూనే. "వాగు దాటి గుట్టెక్కుత. గాడ మస్తు సల్లగుంటది. మళ్ల డప్పు సప్పుడు పట్టుకొని దిగొస్త."

"ఆ గుట్ట మీద మా అమ్మ కనిపిస్తే?"

"సచ్చిపోయినోళ్లు గాడ ఉండరక్కా." నా ముఖం చూసి కత్తి పక్కన పెట్టింది. "ఉంటే నేను తోల్కరానా?"

ఒకావిడ దేవతను లోపల కట్టుకుని తనే దేవతవుతుంది. ఇంకొకావిడ దేవతకు చోటిచ్చి తను ఎటో ప్రయాణం పోతుంది. అమ్మ కూడా మైకు ముందు చేసింది ఈ పనే కదా. అలా తప్పుకునీ తప్పుకునీ మనిషికి సొంత గొంతు ఏం మిగులుతుందని కోపం వచ్చింది. ఆ కోపం పాతదే. రోజంతా డబ్బింగ్ చెప్పి ఇంటికొస్తే అమ్మ గొంతుకు విశ్రాంతి కావాలి. మాటలన్నీ హీరోయిన్లకే అయిపోయేవి.

ఈలోగా నేను మాటలు రాస్తున్న సినిమాలో దేవతల కథలు చెప్పే ఒగ్గు కథకుడి పాత్ర ఒకటి వచ్చింది. నటుడికి నేర్పడానికి సిద్దిపేట వైపు నుంచి ఒక పెద్దాయనను జూబ్లీహిల్స్ ఆఫీసుకు పిలిపించారు. ఆయన టైముకు వచ్చాడు, నటుడు చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మీ దీక్ష ఎలా జరిగిందని అడిగాను.

"ఏముంది బిడ్డా. మా గురువు నొసట పసుపు వెట్టి ఒగ్గు చేతికిచ్చిండు" అని, పిడికిట్లో ఇమిడే ఆ చిన్న డమరుకాన్ని తొడ మీద పెట్టుకున్నాడు. "గంతకుముందు ఆరేండ్లు నన్ను ఒక్క ముక్క చెప్పనియ్యలే. పక్కన నిలవడి ఊఁ కొట్టుడే. ఊఁ కొట్టరానోనికి కథ రాదన్నడు."

దేవత సంగతి తర్వాత, ఈయన విద్యలో ముందు పక్క మనిషి కథ వినాలి.

"ఆ బాబు వచ్చేదాంక నువ్వు ఊఁ కొట్టు, నేను చెప్త" అని, మంద నుంచి తప్పిపోయిన గొర్రెపిల్లను వెతికే కాపరి కథ ఎత్తుకున్నాడు. నేను మొహమాటంగా ఊఁ అన్నాను. ఆయన ఆపేశాడు.

"ఫోన్ల అన్నట్టు అంటున్నవు. వాడు వానల ఒక్కడే తిరుగుతుండు బిడ్డా. నీ ఊఁ ఒక్కటే వానికి తోడు."

కాపరి వాగు దగ్గరికి వచ్చాడు. నేను మళ్ళీ ఊఁ అన్నాను. ఈసారి అది ముక్కులోంచి మొదలై, చివర కాస్త పైకి లేచి, ఇంకా చెప్పు అన్నట్టు ఆగింది. వేడినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చిన్నప్పుడు మా క్లాసులో ఎవరు ఎవరికి కటీఫ్ చెప్పారో నేను చెబుతుంటే వింటూ అమ్మ కొట్టిన ఊఁ అది. ఏ సినిమాలోనూ ఆ ఊఁ లేదు. ఎంత అలిసిపోయి వచ్చినా ఏ రోజూ అది తప్పలేదు. ఆవిడ నాతో మాట్లాడలేదని ఇన్నేళ్ళు అలిగాను. మిగిలిన కాస్త గొంతునూ నా మాటలు వినడానికే దాచుకుందని ఒక్కసారైనా అనుకోలేదు.

కళ్ళు తుడుచుకున్నాను. ఆయన చూడనట్టే కథ నడిపించాడు, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. నటుడు వచ్చేసరికి గొర్రెపిల్ల దొరికింది.

మర్నాడు పొద్దున కళ్ళు మూసుకున్నాను. అమ్మ ఇంకా ఆ స్టూలు మీదే ఉంది. చేతిరుమాలు విప్పి గాజులు తొడిగాను. తర్వాత మెల్లగా కరిగించాను. ఈసారి భయం వేయలేదు.

వంటింట్లోకి వెళ్ళి చిక్కుడుకాయలు ముందేసుకున్నాను. వంటావిడ పప్పు మెదుపుతూ కోడలి మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. నేను ఊఁ అన్నాను. ఆవిడ పప్పుగుత్తి ఆపి, నన్ను కాదు, అమ్మ గది తలుపు వైపు చూసింది.

"ఏందక్కా" అంది నెమ్మదిగా. "పెద్దమ్మ ఊఁ కొట్టినట్టే అయింది."

తర్వాత ఆవిడ స్టవ్ తగ్గించి, కోడలి కథ మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. నేను ఊఁ కొట్టాను.