రాజవ్వత్త పెరుగన్నం ముద్ద

మా చిన్నప్పుడు... సిరిసిల్ల నుంచి చుట్టాలొచ్చారంటే, హుస్సేన్ సాగర్ చూపించకుండా తిరుగు బస్సు ఎక్కనిచ్చేవాళ్లం కాదు.

మాది అమీర్‌పేటలో ఒక ఇరుకు గల్లీ. నాన్న ఊళ్లో మగ్గం వదిలేసి వచ్చి ఇక్కడ కుట్టుమిషను పట్టుకున్నాడు. ఆదివారం ఆ మిషను మీద గుడ్డ కప్పేసి, అందరం పంజాగుట్ట దాకా నడిచి, అక్కడ బస్సెక్కి చెరువుకు పోయేవాళ్లం. అమ్మ చేతిలో స్టీలు డబ్బా... పెరుగన్నం, చింతకాయ తొక్కు. ఊరి నుంచి వచ్చిన మేనత్త రాజవ్వ చంకలో మామయ్య నేసిన దుప్పటి.

ఒడ్డున దుప్పటి పరిచాక కూడా మాకు తిండి వెంటనే దొరికేది కాదు. రాజవ్వత్త మొదటి ముద్ద తీసుకుని నీళ్ల దాకా దిగి, గంగమ్మకు వేసి, దండం పెట్టి వచ్చేది. ఆకలి ఆకలని మేము గోల పెడితే కసిరేది. తల్లి తిన్నాకే పిల్లలు తినాలట. ఆ తర్వాత మాకు వరసగా ముద్దలు పెట్టేది... అబ్బ, ఆ రుచి!

ఇంకోటి, మా ఇంటి వెనక నాలా... అదే, పెద్ద మురుగుకాలువ. వానాకాలం అందులో కాగితం పడవలు వదిలేవాళ్లం. ఇవన్నీ ఎటు పోతాయని అడిగితే, ఎటు పోయినా చివరికి చెరువుకే చేరతాయని నాన్న చెప్పేవాడు. ఆదివారం చెరువు మీద మా పడవల కోసం వెతుక్కునేవాళ్లం... అంత పిచ్చి మొహాలం.

ఇదంతా ఇప్పుడెందుకంటే... ఈమధ్య రాజవ్వత్త సోమాజిగూడలో మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు మొక్కుకుందట, తన కాళ్ల మీద తను నడిస్తే ఆ చెరువుకే పోయి తన చేత్తో గంగమ్మకు ముద్ద వేస్తానని. చేతికర్రతో నడవడం వచ్చేసింది. తెల్లారితే ఊరికి ప్రయాణం. మొక్కు తీర్చకుండా పోతే ఈ నడక మళ్లీ ఎక్కడ పోతుందోనని ఆమెకు ఒకటే బెంగ.

మా అమ్మాయి ఫోన్లో వెతికి ఒక చోటు పట్టింది. చెరువు ఒడ్డునే కొత్తగా కట్టారు, షాపింగు, తిండి, ఆటపాటలు అన్నీ అక్కడే. దాన్ని దుకాణాలు అనకూడదట... 'డెస్టినేషన్' అనాలట. చెరువు పక్కనే కదా, అత్తకు దిగడం తేలికని నేనూ సరేనన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

గేటు దగ్గరే డబ్బా మూత తీయించారు. బాంబు ఉందేమోనని కాదు, పెరుగన్నం ఉందేమోనని!

"బయటి ఫుడ్డు అలౌ లేదమ్మా," అన్నాడు గార్డు.

"తినేటందుకు కాదు బిడ్డా... గంగమ్మకు," అంది అత్త.

అతను వాళ్ల సారును పిలిచాడు. ఆ సారు మా అత్తకు ఇంగ్లీషులో రూల్సు వినిపించాడు. చెరువులో ఏమీ వేయకూడదట, అసలు నీళ్ల దాకా దారే లేదట, అంతగా కావాలంటే లోపల ఫుడ్ కోర్టులో పెరుగన్నం అమ్ముతారట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు... ఇక్కడి పూజారికి మెడలో టై కూడానూ.

డబ్బా గేటు దగ్గర పెట్టేసి, లోపలెక్కడైనా చెరువులోకి దిగే దారి దొరక్కపోతుందా అని వెళ్లాం. ఏం సంబడం! దీపాలు చుట్టిన ప్లాస్టిక్ చెట్లు, నిలువెత్తు ఇంగ్లీషు అక్షరాలు, వాటి ముందు సెల్ఫీలకు లైను. వెనకాల ఒక చెరువు ఏడ్చిందన్న ధ్యాస ఒక్కరికీ లేదు. షాపులన్నీ చెరువుకు వీపు పెట్టుకుని కూర్చున్నాయి. నీళ్లు కనిపించే వైపంతా హోటళ్ల అద్దాలు... కాఫీ కొంటేనే కిటికీ పక్కన కుర్చీ. కాళ్లు లాగి అత్త ఒక మెట్టు మీద కూర్చుంటే, ఎవడో వచ్చి విజిలేసి లేపాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

అత్త ఒక అద్దం దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి పెట్టి అవతలి నీళ్లను చాలాసేపు చూసింది.

"గంగమ్మను సుత కొన్నరా బిడ్డా వీళ్లు?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. డబ్బా తీసుకుని బయటపడి ఆటో ఎక్కాం.

పంజాగుట్ట దాటాక ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. కంపు కొట్టింది. పక్కకు చూస్తే నాలా మీది వంతెన... నాకు పడవలు గుర్తొచ్చాయి. ఆటో పక్కకు పెట్టించి, ఇది మన ఇంటి వెనక నాలానే అని అత్తకు చెప్పాను.

"గిది ఇంకా చెరువుకే పోతదా?"

"పోతదత్తా."

ఆమె కర్ర పట్టుకుని దిగింది. మా అమ్మాయి ముక్కు మూసుకుంది, అత్త మూసుకోలేదు. వంతెనకు కట్టిన ఇనప జాలీ సందులోంచి ఆ నల్లటి నీళ్లలోకి ముద్ద జారవిడిచి, చేతులు జోడించింది.

"నడిసే వచ్చిన తల్లీ... వాళ్లు రానియ్యలే. నీ ముద్ద నీకు అందుతది."

తర్వాత ఆటోలో కూర్చుని, మిగిలింది మాకు వరసగా ముద్దలు పెట్టింది. ఆ కంపులోనే తిన్నాం... ముక్కు వదిలేసి మా అమ్మాయి కూడా.

ఆ అద్దాల కొంపకు వాళ్లు ఏ పేరు పెట్టుకుంటే నాకేం... మా చెరువు దాకా మమ్మల్ని రానిచ్చింది మాత్రం మురికి నాలా ఒక్కటే.

మీ వైపు చెరువులు ఇంకా అద్దాల బయటే ఉన్నాయా? ఉంటే కింద రాయండి... మా అత్త ఇప్పుడు నడుస్తోంది, డబ్బాతో సహా తీసుకొస్తాను.