వారాలబ్బాయి శనివారపు విస్తరి

1952వ సంవత్సరం, శీతాకాలం. ప్రజారోగ్యశాఖలో న్యూట్రిషన్ అసిస్టెంటుగా ఉన్న నన్ను డైట్ సర్వే నిమిత్తం అమలాపురం పంపించారు. డైట్ సర్వే అంటే ప్రజలు ఏం తింటున్నారో అడిగి రాసుకోవడం కాదు, తూచి తెలుసుకోవడం. ఊళ్లో కొన్ని ఇళ్లు ఎంచుకొని, ఒక్కొక్క ఇంట్లో ఒక వారం పాటు, పొయ్యి ఎక్కబోయే ప్రతి వస్తువునూ పచ్చిగా ఉండగానే త్రాసులో వేయాలి. కూరగాయలకు తొక్కా తొడిమా తీసేశాక మిగిలినదే లెక్కకు వస్తుంది. దానికి ఎడిబుల్ పోర్షన్ అని పేరు, అంటే తినదగిన భాగం. ఇంట్లో అందరూ ఒకే మోతాదులో తినరు కనుక, పనిచేసే మగవాడిని ఒకటిగా పెట్టుకొని ఆడవారినీ పిల్లలనూ అందులో భాగాలుగా కడతాం. అది కన్సంప్షన్ యూనిట్. తూచిన మొత్తాన్ని ఈ యూనిట్లతో భాగిస్తే మనిషికి ఎంత బియ్యం, ఎంత పప్పు అందుతున్నదో తేలుతుంది.

పొయ్యి వెలిగించే ముందు వెళ్లడం, తూచడం, వచ్చేయడం. ఇంతవరకే మా పని. వడ్డన చూడవలసిన అవసరం మా పద్ధతిలో లేదు. చేతిలో ఇత్తడి త్రాసుతో వీధులు తిరిగే నన్ను ఊరివాళ్లు కొద్దిరోజుల్లోనే "తూకాల మేష్టారు" అని పిలవసాగారు.

ఎంచుకొన్న ఇళ్లలో వెంకటరత్నమ్మగారిది ఒకటి. భర్త రామ్మూర్తిగారు కొబ్బరి వర్తకుడి దగ్గర గుమాస్తా. దంపతులతోపాటు ఒక ముసలి అత్తగారు. త్రాసు చూడగానే రత్నమ్మగారు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"తినే తిండి తూస్తారుటండీ? దిష్టి కాదూ?"

"పచ్చివే తూస్తానండీ. వండినవి ముట్టుకోను."

"తూచనివ్వవే" అన్నారు రామ్మూర్తిగారు అరుగు మీదినుంచి. "నువ్వు నాకు ఏమాత్రం పెడుతున్నావో సర్కారుకైనా తెలియాలి."

"తక్కువైందని మీ పొట్ట చెప్పడం లేదులెండి" అని ఆయనకు జవాబిచ్చి ఆవిడ నావైపు తిరిగారు. "ఆయ్, తూచుకోండి. ఒక్కమాట మాత్రం. విస్తట్లోకి వచ్చింది తూచకూడదు. అది తినేవాడి సొంతం."

నేను ఒప్పుకొన్నాను. ఆ ఇంట్లో పప్పుదినుసులు పుష్కలంగా వాడేవారు. కంది, పెసర, మినుము ఏదో ఒకటి లేకుండా పూట గడిచేది కాదు. నా పట్టికలకెక్కిన ఇళ్లలో ఇది మేలైన ఇల్లు అనుకొన్నాను.

శనివారం ఉదయం త్రాసు సర్దుతుండగా ఆవిడ అన్నారు: "ఇవాళ మా వాడొస్తాడండీ. వారాలబ్బాయి. వాడిని కూడా లెక్కలో వేసుకోండి."

ఈ పద్ధతి ఇప్పటి పాఠకులకు చెప్పవలసి ఉంది. పరాయి ఊరినుంచి చదువుకోవడానికి వచ్చిన బీద విద్యార్థికి ఏడు ఇళ్లవారు తలొక రోజు భోజనం పెట్టేవారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరొకటి. దీన్నే వారం ఇవ్వడం అంటారు. ఈ అబ్బాయి పేరు విశ్వనాథం. ఆలమూరు వైపు ఏటి నడుమ ఒక లంక గ్రామం. తండ్రి లేడు, ఉన్న కాస్త భూమినీ గోదావరి కోసుకుపోయింది. హైస్కూల్లో ఎస్.ఎస్.ఎల్.సి. ఆఖరు సంవత్సరం చదువుతున్నాడు. ఎవరిదో వీధి గది అద్దె లేకుండా దొరికింది. తిండి ఈ ఏడిళ్లది.

"ఏడాదై చూస్తున్నానండీ" అన్నారు రత్నమ్మగారు గొంతు తగ్గించి. "వచ్చిన కొత్తలో పద్యం గట్టిగా చదువుకుంటూ గుమ్మం ఎక్కేవాడు. ఇప్పుడు గుమ్మం ఎక్కితే ఆయాసం. క్లాసులో కునికిపాట్లుట. కాళ్లు కూడా పొంగినట్టున్నాయి. మీరు లెక్కలు తెలిసినవారు. కాస్త చూద్దురూ."

ఆవిడ భయం జబ్బు ఒక్కటే కాదు. శుక్రవారం ఇంటివారు అతనితో "వచ్చేవారం మేం ఊరెళుతున్నాం నాయనా" అన్నారు. ఆ శుక్రవారం వచ్చింది, వారు ఊరు వెళ్లలేదు. క్షయ అన్న మాట ఒక ఇంటి పెరట్లోంచి ఇంకొక ఇంటి పెరట్లోకి నడుస్తున్నది. ఆ మాట ఏడిళ్లూ తిరిగితే వారాలు పోతాయి, వారాలు పోతే పరీక్ష వ్రాయకుండానే కుర్రవాడు లంకకు తిరిగి వెళ్లిపోవాలి.

ఆ సాయంత్రం విశ్వనాథాన్ని కూర్చోబెట్టి కాలి ఎముక మీద బొటనవేలు నొక్కి తీశాను. గుంట పడింది, వెంటనే నిండలేదు. దీన్ని ఈడీమా అంటాం, ఒంట్లో నీరు నిలవడం. మా త్రాసు పప్పులు తూచేదే గానీ మనుషులను తూచేది కాదు. అందుచేత రామ్మూర్తిగారు పనిచేసే కొట్టుకు తీసుకువెళ్లి, కొబ్బరి బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాం. అక్కడి హమాలీలు ఊరుకుంటారా?

"ఏమండోయ్ గుమాస్తాగారూ, ఎండిపోయిన కురిడీ కాయను తెచ్చేరేంటండీ? ఊపి చూడండి, లోపల గలగలమంటాది!"

విశ్వనాథం కూడా నవ్వాడు. వయసుకూ ఎత్తుకూ ఉండవలసిన బరువు లేదు.

ఆసుపత్రి డాక్టరుగారు ఛాతీ అంతా పరీక్షించి, ఊపిరితిత్తుల్లో ఏ దోషమూ లేదన్నారు. మూత్రపరీక్షా బాగానే ఉంది. "మాంసకృత్తులు చాలడం లేదు. పాలు, గుడ్లు ఇవ్వండి" అని పంపేశారు. ఆ మాట రత్నమ్మగారికి చేరవేస్తే ఆవిడ రెండు చెవులూ మూసుకొన్నారు.

"మాంసమా! రామ రామ!"

"ప్రోటీన్‌కు తెలుగులో పెట్టిన పేరండీ అది. కండ కట్టడానికి కావలసిన పదార్థం. పప్పుల్లో దాదాపు నాలుగోవంతు అదే."

"అలాగైతే పప్పు అని ఏడవరాదూ!"

నాకు చిక్కు ఇక్కడే వచ్చింది. ఈ ఇంట్లో పప్పు తక్కువ లేదు. మిగిలిన ఇళ్లు కూడా ఉన్నంతలో లోపం చేసేవి కావు. యూనిట్ల లెక్క ప్రకారం విశ్వనాథానికి రావలసిన పప్పు రావాలి. అతన్నే అడిగాను.

"నీకు ఏం పెడుతున్నారోయ్?"

"అందరూ బాగా పెడతారండీ."

"ఏం పెడతారని అడిగాను."

"కడుపునిండా పెడతారండీ." ఒకరి విస్తట్లో తిని, ఆ విస్తరి గురించి ఇంకొకరి దగ్గర మాట్లాడడం వారాలబ్బాయికి తగదు. అతని మర్యాద అతన్ని అక్కడ ఆపేసింది.

తరువాతి శనివారం, త్రాసు లేకుండా, ఉత్త చేతులతో వెళ్లాను. స్కూలు వేళకు ముందే విశ్వనాథం వచ్చాడు. రత్నమ్మగారు మడికట్టుకొని పూజకు సిద్ధం చేసుకొంటున్నారు. నైవేద్యం కానిదే పప్పు వడ్డించరు, నైవేద్యం అయ్యేసరికి మధ్యాహ్నం. పిల్లవాడికి బడి వేళ మించిపోతుందని అప్పటికప్పుడు వేడి అన్నం వార్చి, ఆవకాయ వేసి, మజ్జిగ పోశారు. అతను తిని వెళ్లాక, నైవేద్యం అయ్యాక, ఇంటివారు పప్పుతో భోజనం చేశారు.

రాత్రికి మళ్లీ వెళ్లాను. శనివారం గనుక ఆ ఇంట్లో రాత్రి అన్నం తినరు, పలహారం. మినప్పప్పు నానబెట్టి రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, దళసరి మూకుట్లో నిప్పులమీద కాల్చిన రొట్టె. పక్కన అల్లప్పచ్చడి. అడుగు ఎర్రగా అట్టుకట్టి, ఇల్లంతా కమ్మని వాసన. రామ్మూర్తిగారి పళ్లెంలో రొట్టె, ముసలావిడ పళ్లెంలో రొట్టె. విశ్వనాథానికి మాత్రం అరిటాకు వేసి, అతనొక్కడి కోసం విడిగా వండిన అన్నం పొగలు కక్కుతుండగా వడ్డించారు. ఆవకాయ, మజ్జిగ.

నా లెక్కలో తప్పిన పప్పు ఎక్కడికి పోయిందో అప్పుడు కంటికి కనబడింది.

"అమ్మా, విశ్వనాథానికి కూడా రొట్టె పెట్టరాదూ?"

"అదేవిటండీ!" రత్నమ్మగారు నిజంగా నొచ్చుకొన్నారు. "వారమిచ్చి, అన్నం పెట్టకుండా పలహారంతో పంపించేనంటే ఊళ్లో నా మొహం ఏమవుతుంది? ఉపవాసం మాకు గానీ, చదువుకునే పిల్లాడికా? వాడికోసం కాదుటండీ పనిగట్టుకుని ఎసరు పెడుతున్నాను!"

"మీ పళ్లేల్లో ఉన్నది మినప్పప్పు. అతని ఆకులో ఉన్నది బియ్యం. ఇంట్లో ఉపవాసం చేస్తున్నది అతనండీ, మీరు కాదు."

రామ్మూర్తిగారు నమలడం ఆపారు. తన పొట్టకేసి ఒకసారి చూసుకొని, "ఇన్నాళ్లూ ఇది భక్తి అనుకున్నానండోయ్" అన్నారు.

రత్నమ్మగారు ఆయన్ను పట్టించుకోలేదు. విశ్వనాథం వైపు తిరిగారు.

"ఏరా, నీకు రొట్టె ఇష్టమేనా?"

"అన్నం బాగుందండీ."

"నేనడిగింది అన్నం సంగతి కాదు."

అతను తల దించుకొని, "వీధి మలుపు తిరిగేసరికే వాసన వస్తుందండీ" అన్నాడు.

ఏడాదిపాటు ప్రతి శనివారం ఆ వాసనలోంచి నడిచివచ్చి ఆ కుర్రవాడు ఆవకాయ అన్నం తిని వెళ్లాడు. రత్నమ్మగారు లోపలికి వెళ్లి, తనకోసం ఉంచుకొన్న రొట్టెలోంచి ఎర్రటి అడుగు భాగం కోసి తెచ్చి అతని ఆకులో వేశారు. వేస్తున్నంతసేపూ మావైపు ఎవరివైపూ చూడలేదు.

అక్కడినుంచి ఒక్కొక్క ఇంటి సంగతే విచారించాను. ఏడింటిలో అయిదు ఇళ్లు తమ వ్రతం ఉన్న రోజునే అతనికి వారం ఇచ్చాయి. సోమవారం వారికి శివుడు, శుక్రవారం వారికి లక్ష్మీదేవి. వ్రతం నాడు విద్యార్థికి అన్నం పెడితే పుణ్యం రెట్టింపని అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. అయిదు చోట్లా పొద్దున పప్పు దిగకముందే భోజనం, రాత్రి ఇంటివారు పెసరట్టో, మినపరొట్టో, పెసరపప్పు వేసిన ఉప్పిడిపిండో తింటుంటే అతని ఒక్కడికీ ప్రత్యేకంగా అన్నం. ఎవరూ లోభించలేదు. ఒక్కొక్కరూ ఒక మెట్టు పైకెక్కి మర్యాద చేశారు.

ఈ సంగతి ఆ ఇళ్లకు చెప్పడం సర్కారు మనిషి పని కాదని రత్నమ్మగారు తేల్చేశారు. "మీరు నోరు విప్పితే వాడు మాటలు మోసేడనుకుంటారు. నేను చూసుకుంటాను, మీరు డాక్టరుగారి మాట ఒక్కటీ చెప్పండి చాలు" అని నన్ను వెంటబెట్టుకొని ముందుగా శుక్రవారం ఇంటికే వెళ్లారు.

"ఊరినుంచి ఎప్పుడొచ్చేరొదినా?"

ఆ ఇంటావిడ తడబడింది. "వెళ్లలేదండీ, ఆగిపోయేం."

"మంచిదే అయింది. మా శనివారం వాడు రొట్టె తింటున్నాడు, మీ శుక్రవారం వాడు పెసరట్టు తినాలి. ఊపిరితిత్తులు గంటలా ఉన్నాయిట, ఇదిగో ఈయన్నడుగు. వాడికి క్షయా లేదు, గియా లేదు. వాడికి పట్టింది మన పుణ్యం!"

నేను డాక్టరుగారి మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ముందు నవ్వింది, తరువాత కళ్లొత్తుకొంది. ఆ శుక్రవారం తలుపు మళ్లీ తెరుచుకొంది.

పొద్దున పూట సమస్య మాత్రం మిగిలింది. పూజ వేళ మార్చమని ఎవరినీ అడగలేం. దానికి నేను సూచించినది కందిపొడి. కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు వేయించి కొట్టి జాడీలో ఉంచితే నెలరోజులు నిలుస్తుంది. వేడి అన్నంలో వేసుకొని నెయ్యి చుక్క తగిలిస్తే క్షణంలో భోజనం. ప్రోటీన్ లెక్క కోసం పప్పులు పెంచి, మిరపకాయలు సగానికి తగ్గించమన్నాను.

"కారం సగమైతే అది కందిపొడి కాదండీ, ఒంటికి రాసుకునే నలుగుపిండి" అన్నారు రత్నమ్మగారు. మిరపకాయలు ఆవిడ ఇష్టప్రకారమే పడ్డాయి. పప్పులు మాత్రం నా మాట ప్రకారం పెరిగాయి. విశ్వనాథం తన గదిలో తడిగుడ్డలో పెసలు మూటకట్టి మొలకెత్తించుకొని, రామ్మూర్తిగారి కొట్టునుంచి వచ్చిన కొబ్బరి ముక్క కోరి, ఉప్పూ నిమ్మరసమూ కలిపి సాయంత్రం తినేవాడు. పొయ్యి అక్కరలేదు, ఖర్చు బహు స్వల్పం. అతని స్నేహితులు రుచి మరిగి గిన్నె ఖాళీ చేస్తుంటే, మూట పెద్దది కట్టుకోవలసి వచ్చింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. విశ్వనాథం నీరసానికి ప్రోటీన్ లోపం ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. ఆ రోజుల్లో మిల్లుబియ్యం తినే మా జిల్లాల్లో బి విటమిన్ లోపంవల్ల వచ్చే బెరిబెరి ఛాయలు కూడా కనబడేవి, దానికీ కాళ్లు పొంగుతాయి. అయితే మినుములో ఆ విటమినూ ఉంటుంది కనుక, రెండింటికీ జవాబు ఆ రొట్టెలోనే ఉంది. కొన్ని వారాలకు కాలి ఎముక మీద నా వేలి గుంట పడడం మానేసింది. మళ్లీ కాటా ఎక్కించినప్పుడు హమాలీలు అతన్ని భుజాలు పట్టుకొని ఊపి చెవి పెట్టి విన్నారు.

"గలగల్లేదండోయ్! కొబ్బరి పట్టేసింది!"

ఆ వేసవికి ముందు విశ్వనాథం పరీక్ష వ్రాశాడు, ప్యాసయ్యాడు. పద్యం వీధి మలుపు దగ్గరే మొదలయ్యేదని రత్నమ్మగారు చెప్పారు.

ఆ తరువాత ఎన్నో ఊళ్లలో సర్వేలు చేశాను. ఎక్కడికి వెళ్లినా, తూకం పూర్తయ్యాక ఒక పూట త్రాసు బసలో వదిలి మళ్లీ ఆ ఇంటికి వెళ్లేవాణ్ని, ఎవరి ముందు ఏం వడ్డిస్తున్నారో చూడడానికి. మా పద్ధతిలో అది లేదని పై అధికారులు అడిగితే, ఇల్లు తిన్నదీ ఇంట్లో ఒక మనిషి తిన్నదీ ఒకటే కాకపోవచ్చునని జవాబు వ్రాసేవాణ్ని.

నేను అమలాపురం విడిచిన రోజు శనివారం కాదు. అయినా రత్నమ్మగారు అరిటాకులో రొట్టె చుట్టి బస్సు దగ్గరికి విశ్వనాథం చేత పంపించారు. అతను పొట్లం నా చేతికిచ్చి, ఆవిడ చెప్పమన్న మాట ఆవిడ గొంతుతోనే చెప్పాడు.

"విస్తట్లోది తూచకూడదుటండీ."

త్రాసు నా ఒళ్లోనే ఉంది. బస్సు ఊరు దాటక ముందే రొట్టె అయిపోయింది. అది ఎంత బరువుందో నాకు ఈనాటికీ తెలియదు.