లైనక్స్ పక్షాన నేను గెలిచిన వాదన

మొన్న జూన్‌లో నాకొక ఈ-మెయిల్ వచ్చింది. కంప్యూటర్ల గురించి తెలుగువాళ్లు కూర్చుని వాదించుకోవడానికి ఇరవయ్యేళ్ల కిందట ఎవరో ఒక ఔత్సాహికుడు సొంత ఖర్చుతో పెట్టిన చర్చావేదికను నెలాఖరుకు మూసేస్తున్నారట, ఇప్పుడటు తొంగి చూసేవాళ్లు కూడా లేరట, పాత సభ్యులెవరికైనా తాము రాసుకున్నవి కావాలనుకుంటే ఈలోగా దింపుకోవచ్చట. పెందుర్తిలో రిటైరై కూర్చున్న నాకు వేరే పనేముంది గనుక, మధ్యాహ్నం భోజనమయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని నావన్నీ దింపుకున్నాను. అంత రాశానని నాకే తెలియదు. నవలలు రాసేవాడు కూడా అన్ని పేజీలు రాసి ఉండడు, పైగా వాటిలో మూడొంతులు తిట్లు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే విండోస్, విండోస్ అంటే కంప్యూటర్. లైనక్స్ అని ఇంకొకటుందని, దాన్ని ఎవరూ కొనక్కర్లేదని, అది ఏ ఒక్కరి సొత్తూ కాదని, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో తలా ఒక చెయ్యి వేసి తయారుచేస్తున్నారని చెబితే వినేవాళ్లు మనల్ని కొత్త మతం పుచ్చుకున్నవాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. నిజం చెప్పాలంటే నేను పుచ్చుకున్నది మతమే. ఉక్కు ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమస్తాను, పగలంతా బోల్టులూ బేరింగులూ లెక్కరాసి, ఎవరేమన్నా తలూపి, సాయంత్రం షిఫ్టు బస్సు దిగి గాజువాకలో ఇంటికి చేరేసరికి నాకంటూ ఒక అభిప్రాయం ఉందని అడిగేవాడు లేడు. ఆ చర్చావేదికలో మాత్రం అడిగేవాళ్లు. అడగడమేమిటి, మీద పడేవాళ్లు. వందమంది అటు, మేం నలుగురం ఇటు. ఆ నలుగురిలో ఒకడిగా ఉండడంలో ఉన్న మజా వందలో ఒకడిగా ఉన్నవాడికి ఏం తెలుస్తుంది.

మా ప్రధాన శత్రువు హైదరాబాదులో ఏదో కంపెనీలో పనిచేసే పెద్దమనిషి. చాలా మర్యాదగా రాసేవాడు, అందుకే ఒళ్లు మండేది. మీ లైనక్స్ గొప్పదే కావచ్చు గానీ మామూలు మనిషి మామూలు పని ఒకటి దాని మీద చేసి చూపించండి, అని ప్రతి వాదన చివరా ఒక చిన్న మేకు కొట్టి పోయేవాడు. మామూలు పని అంటే నాకు చిరాకు. నేను స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే ఆయన రైలు టిక్కెట్టు గురించి మాట్లాడేవాడు.

మా ఆవిడ తమ్ముడికి గాజువాక మెయిన్ రోడ్డు సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, అట్టముక్కలతో కట్టిన గదులు, బయట జిరాక్స్ మిషను. నేను వెంటపడి, బతిమాలి, బంధుత్వం అడ్డుపెట్టి ఏడింటిలో లైనక్స్ ఎక్కించాను. ఎనిమిదోది మాత్రం వాడు ముట్టుకోనివ్వలేదు. గవర్నమెంటు సైట్లు కొన్ని విండోస్‌లో తప్ప సరిగ్గా తెరుచుకునేవి కావు, వాటికోసం ఆ మూలనున్నది అలాగే ఉండనీ బావా అన్నాడు. నాకది నా ఇంట్లో శత్రువు జెండా పాతినట్టుండేది.

మా వీధికి చేపలు తెచ్చే ఆమెను మేమంతా అప్ప అనేవాళ్లం, మా వైపు అక్కను అలా అంటారు. వాళ్లది జాలరిపేట. తెల్లవారకముందే రేవులో సరుకు కొని, తట్టతో ఆటోలు మారి గాజువాక వచ్చేది. మొగుడు వేటకు వెళ్లేవాడు. ఒక్కతే కూతురు, ఇంటర్ చదివింది, ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఊళ్లోనే పేరున్న కాలేజీలో సీటు గ్యారంటీగా వచ్చే ర్యాంకు. వాళ్ల వీధిలో ఆడపిల్ల అంతవరకూ రావడం అదే మొదలు. సీట్ల కౌన్సెలింగ్ అప్పుడప్పుడే ఇంటర్నెట్‌లోకి మారింది. ఎవరికి వారు కావలసిన కాలేజీల వరస, అంటే ఆప్షన్లు, కంప్యూటర్‌లో నింపాలి, గడువు దాటితే అంతే. ఆ రోజుల్లో ఒక అలవాటుండేది, మీకూ తెలుసు: మనకు తెలియని పనిని తెలిసినవాడి చేతిలో పెట్టి, కాగితాలిచ్చేసి, పక్కన నిలబడేవాళ్లం. అడిగేవాళ్లం కాదు. అప్ప కూడా అలాగే చేసింది. ఇంటర్ మార్కుల కాగితం, ర్యాంకు కార్డు చీరకొంగులోంచి తీసి, నాకేటి తెల్దు బాబూ, నా పిల్లని నీ సేతుల్లో ఎట్టీసినాను, అంది.

సరిగ్గా ఆ వారమే హైదరాబాదు పెద్దమనిషి కొత్త మేకు కొట్టాడు. కౌన్సెలింగ్ సైటులో మీ లైనక్స్ మీద ఒక్క విద్యార్థి చేత ఆప్షన్లు పెట్టించి చూపించండి, చూపిస్తే ఇక ఈ విషయంలో నోరెత్తను, అని అందరి ముందూ రాశాడు. ఆప్షన్ల గడువు ముగిసేది ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి, ఆలోగా చూపించాలి, అన్నాడు. నేను సరేనన్నాను. నా దగ్గర ఒక ఉపాయముంది. లైనక్స్‌లోని బ్రౌజర్‌లో ఒకచోట చిన్న మార్పు చేస్తే అది తనను తాను విండోస్ బ్రౌజర్‌గా చెప్పుకుని లోపలికి దూరేది. నా ప్రయత్నానికి అప్పటికే ఒక ర్యాంకు కార్డు నా జేబులో ఉంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి ఆ పిల్ల వచ్చింది. సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మూలనున్న ఎనిమిదో కంప్యూటర్ ఖాళీగానే ఉంది. ఈ మాట నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, అందుకే ఇంకోసారి రాస్తున్నాను, ఖాళీగానే ఉంది. మా బావమరిది నన్ను పక్కకు పిలిచి, దాన్లో సేసీ బావా, పంతానికి ఇదా టైము, అన్నాడు. నాకు ముక్కు మీద కోపం. నీకేం తెలుసురా అని విదిలించేసి, ఆ పిల్లను నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. సైటు తెరుచుకుంది. పిల్ల వరసగా కాలేజీల కోడ్‌లు చెప్పింది, నేను కొట్టాను. సేవ్ నొక్కాను. పేజీ ఒక్కసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. సేవ్ అయిందని మధ్యలో పచ్చరంగులో పెద్ద అక్షరాలు. పిల్ల నవ్వింది. అయిపోయిందా అంకుల్ అంది. అయిపోయిందన్నాను. షేర్ ఆటో ఎక్కి ఇంటికెళ్లిపోయింది.

తెరమీది బొమ్మను నేను అలాగే స్క్రీన్‌షాట్‌గా పట్టి దాచుకున్నాను, చర్చావేదికలో పెట్టడానికి. పెట్టేముందు ఆ పిల్ల నంబరు కనబడకుండా చెరుపుదామని బొమ్మను పెద్దది చేసి చూశాను. కుడివైపు పైమూలలో, నమోదైన ఆప్షన్లు ఎన్నో చెప్పే చిన్న గడి ఉంది. అందులో సున్నా ఉంది.

నేను దాన్ని చూశాను. పేజీ ఇంకా పూర్తిగా రాలేదేమో, నెట్ నెమ్మదిగా ఉందేమో అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకుందామని నిర్ణయించుకున్నాను. బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లి చూస్తే రెండు నిమిషాల పని. గడువుకింకా గంటన్నర ఉంది. కానీ మళ్లీ వెళ్తే నిజంగానే సున్నా ఉంటుందేమో, అప్పుడా పిల్లను వెనక్కి పిలిచి మూలనున్న విండోస్ ముందు కూర్చోబెట్టాల్సి వస్తుందేమో, చర్చావేదికలో తల దించుకోవాల్సి వస్తుందేమో. అక్కడ నేను ఆలోచించింది హైదరాబాదు పెద్దమనిషి గురించి. ఈ సున్నా చూస్తే వదలడు, దాన్నే పట్టుకుని లాగుతాడు అనిపించింది. ఆ మూలను కత్తిరించేసి, మిగతా బొమ్మ పెట్టి, కింద నాలుగు వాక్యాలు రాశాను. అవి ఇప్పుడు చదివితే వాటి పొగరుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. అరగంటలో మావాళ్లు ముగ్గురూ చంకలు గుద్దుకున్నారు. హైదరాబాదు ఆయన మాట మీద నిలబడ్డాడు. ఒప్పుకుంటున్నాను, ఓడిపోయాను, అభినందనలు, అని రాశాడు. నా జీవితంలో ఎవరైనా నాతో అలా అనడం అదే మొదలు. ఆ పేజీని ప్రింటు తీసి బీరువాలో దాచుకున్నాను.

సీట్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల నంబరు ఎదురుగా ఏమీ లేదు. ఆప్షన్లు పెట్టలేదని ఉంది. అప్ప తట్ట దించకుండానే మా గుమ్మంలో నిలబడి అడిగితే, సర్వర్ ఫెయిలైందప్పా, చాలామందికి ఇలాగే అయింది, మన చేతుల్లో ఏముంది, అన్నాను. ఆమె నన్నే ఓదార్చింది. రెండో విడతలో మిగిలినవి ఎక్కడో దూరపు కాలేజీల్లో సీట్లు. ఆడపిల్లను అంత దూరం పంపించలేమన్నారు. పిల్ల డిగ్రీలో చేరింది. ఆ ఏడు తిరక్కుండానే పెళ్లి చేసేశారు.

మా బావమరిది మాత్రం ఊరుకోలేదు. నేను వాడిన కంప్యూటర్‌లో నేను చెరపడం మరిచిపోయిన రెండు బొమ్మలూ వాడికి దొరికాయి, పూర్తిదీ, కత్తిరించిందీ. రెండూ తెరమీద పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు. ఆ సున్నా నువ్వు సూసినావా లేదా, అదొక్కటీ సెప్పు బావా, అన్నాడు. చూడలేదన్నాను. మరుసటి వారానికి ఏడు కంప్యూటర్లలోనూ మళ్లీ విండోస్ వేయించాడు. ఆనాటి నుంచి నన్ను నువ్వు అనడం మానేసి, మీరు అని పిలవడం మొదలుపెట్టాడు. పండగకు వచ్చినా, పెళ్లిళ్లలో ఎదురుపడినా మీరే. పోయి మూడేళ్లయింది, పోయేదాకా మీరే.

అంత జరిగాక నేను వాదించడం మానేసి ఉంటానని మీరనుకుంటారు. ఇంకో నాలుగేళ్లు వాదించాను. కొత్తవాడెవడైనా లైనక్స్‌లో మామూలు పనులు జరుగుతాయా అంటే ఆ కత్తిరించిన బొమ్మకే దారి చూపించేవాణ్ణి. ఆ నాలుగేళ్ల రాతలూ మొన్న దింపుకున్నవాటిలో ఉన్నాయి. ఒకటి కాదు రెండు కాదు, పంతొమ్మిదిసార్లు చూపించాను. పంతొమ్మిదోది చదివాక కంప్యూటర్ కట్టేసి, మా ఆవిడకు కూడా చెప్పకుండా చొక్కా వేసుకుని జాలరిపేట బస్సెక్కాను. ఇన్నాళ్లకైనా చెప్పేయాలనిపించింది. చెప్పి, వాళ్లేమంటే అది పడాలనిపించింది.

అప్ప ముసలిదైపోయింది, తట్ట ఎత్తడం మానేసింది. గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కూతురిప్పుడు తల్లి వ్యాపారం తనే చేస్తోంది. అపార్ట్‌మెంట్లవాళ్లు ఫోన్‌లో ఆర్డర్లిస్తారు, శుభ్రం చేసి, ముక్కలు కోసి పంపిస్తుంది. నేను వెళ్లేసరికి గడపలో కూర్చుని, పదో తరగతి పాసైన తన కూతురి కోసం పాలిటెక్నిక్ ఆప్షన్లు ఫోన్‌లోనే పెడుతోంది. ఆ ఫోన్ లోపల నడిచేది ఒకప్పుడు నేను గొంతు చించుకున్న లైనక్స్ ముక్కే. ఊళ్లో ప్రతివాడి జేబులోనూ అదే ఉంది, ఎవరికీ దాని పేరు కూడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మేం గెలిచామన్నమాట. ఎప్పుడు గెలిచామో కూడా ఎవరూ చూడలేదు.

అప్ప కూతురు సేవ్ నొక్కింది. అయిందని వచ్చింది. వెంటనే బయటికొచ్చి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లి, ఆప్షన్ల లెక్క వేలు పెట్టి చూసుకుంది. మళ్లీ బయటికొచ్చింది, మళ్లీ వెళ్లింది. నేను చూస్తున్నానని తెలిసి నవ్వి, అయిపోయిందని సూపెడతాది అంకుల్, దాన్ని నమ్మకూడదు, లోనకెళ్లి లెక్క సూసుకోవాలి, అప్పుడు మనకెవరికీ తెల్దు కదా, అంది. పక్కనుంచి అప్ప, పాపం బాబు మాత్రం ఏటి సేస్తాడు, ఆయాల మనకోసం సెలవెట్టుకుని మరీ వొచ్చినాడు, అంది.

తెలియనివాళ్లలో నన్నూ కలిపేసుకున్నారు. ఏడుపొచ్చింది, తుమ్మినట్టు నటించాను. టీ ఇచ్చారు, తాగాను. వద్దన్నా వినకుండా వంజరం చేప ముక్కలు సంచిలో కట్టి ఇచ్చారు, తెచ్చుకున్నాను. అప్ప కూతురు ఇంజనీరు కాలేకపోవడానికి కారణం ఒక మిషనని ఆ ఇంట్లో అందరూ నమ్ముతున్నారు, నేను అలాగే నమ్మనిచ్చి వచ్చేశాను.

ఇప్పుడు ఎవరి పని వాళ్లే ఫోన్‌లో చేసుకుంటున్నారు, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటున్నారు, ఇంకొకరి చేతిలో కాగితం పెట్టి నిశ్చింతగా పక్కన నిలబడే మనిషి కనబడడం లేదు. నా ఈడువాళ్లు సాయంత్రం పార్కులో కూర్చుని, మనుషుల మీద మనుషులకు నమ్మకం పోయిందని, మన రోజుల్లో ఇలా ఉండేది కాదని బాధపడుతుంటారు. నేను ఆ మాటల్లో కలవను. ఆ నమ్మకాన్ని చేతిలో పెడితే పుచ్చుకుని, చర్చలో గెలవడానికి ఖర్చుపెట్టుకున్నవాణ్ణి నేనే.